పాత డెస్క్‌టాప్‌లో 4కె పెళ్లి వీడియో: నా అనుభవం

అమలాపురంలో జరిగిన మా మేనకోడలి పెళ్లి వీడియోను ఫొటోగ్రాఫర్ 4కెలో, హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. 2013 నాటి మా డెస్క్‌టాప్‌లో పెడితే మంగళవాద్యాలు ఆగకుండా వినిపిస్తున్నా, జీలకర్ర బెల్లం పెట్టబోయే చెయ్యి మాత్రం గాలిలోనే నిలిచిపోయేది. ఆ ఘట్టం చూద్దామని అమ్మ మూడుసార్లు వచ్చి కూర్చుని లేచి వెళ్లడం నాకు చాలా బాధ కలిగించింది.

ముందు ర్యామ్ పెంచాను; ఆ ఖర్చు వృథా అయింది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్రాసెసర్ నూటికి నూరు శాతం శ్రమిస్తోంది. 4కె చిత్రంలో 3840×2160 పిక్సెళ్లు, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు ఉంటాయి. పైగా హెచ్‌ఈవీసీ ప్రమాణం వెలువడిందే 2013లో కనుక, దాన్ని విప్పే ప్రత్యేక సర్క్యూట్ మా ప్రాసెసర్‌లో లేక, భారమంతా సాఫ్ట్‌వేర్ మీదే పడుతోంది.

అందుకని రంగుల ఛాయలు మరింత ఎక్కువగా ఉండే 10 బిట్ల హెచ్‌ఈవీసీని సైతం విప్పగల ఎన్విడియా జీటీ 1030 గ్రాఫిక్స్ కార్డును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. దానికి 30 వాట్లు చాలు కాబట్టి పాత పవర్ సప్లై మార్చనక్కరలేకపోయింది. స్లాట్‌లోని దుమ్మును మెత్తని బ్రష్‌తో దులిపి కార్డు బిగించి, హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకే తగిలించాను. ఇది మరిచిపోతే శ్రమంతా వృథాయే. వీఎల్‌సీ ప్లేయర్ ప్రిఫరెన్సెస్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను, అంటే వీడియోను కార్డు చేత విప్పించే సెట్టింగ్‌ను, ఆటోమేటిక్‌లో ఉంచగానే చిత్రం సాఫీగా నడిచింది, అమ్మ తలంబ్రాల దాకా కదలకుండా చూసింది.

ఏవీ1 అనే మరింత కొత్త పద్ధతిలో కుదించిన వీడియోలను మాత్రం ఈ కార్డు విప్పజాలదు. ఖర్చు వద్దనుకునేవారు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో వీడియోను 1080పీ (ఫుల్ హెచ్‌డీ) సైజులో, హెచ్.264 అనే పాత కుదింపు పద్ధతిలోకి మార్చుకోవచ్చు, పాత యంత్రంపై అందుకు ఒక రాత్రంతా పట్టవచ్చు.