ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు: ఏ చర్చికి వెళ్లాలి?

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చినవాళ్లు "ఇక్కడ మన సీఎస్ఐ చర్చి ఎక్కడుంది?" అని అడుగుతుంటారు. ఆ బోర్డు మీ ఊళ్లో కనపడకపోవచ్చు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్, మెథడిస్ట్, యునైటెడ్ రిఫార్మ్డ్ అనే బోర్డులు కనిపిస్తాయి. ముగ్గురూ మీకు చుట్టాలే.

1662లో ఇక్కడి పార్లమెంటు ఏకరూపత చట్టం తెచ్చింది. దేశమంతా ఒకే ప్రార్థన పుస్తకం ప్రకారం ఆరాధించాలంది. ఒప్పుకోని పాదిరులు సుమారు రెండు వేలమంది పదవులు పోగొట్టుకున్నారు. తర్వాత చాలావరకు యునైటెడ్ రిఫార్మ్డ్‌లో కలిసిన కాంగ్రిగేషనల్ సంఘాల మూలాలు చాలావరకు వాళ్లలోనే ఉన్నాయి. ఆ సంఘాల అండతో నడిచిన లండన్ మిషన్ 1805లో విశాఖపట్నానికి, ఆ తర్వాత కడపకు వచ్చింది. మచిలీపట్నానికి ఆంగ్లికన్లు (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్లు), మెదక్‌కు మెథడిస్టులు వచ్చారు. ఇక్కడ విడిపోయినవాళ్లు మన దగ్గర 1947లో సీఎస్ఐగా కలిశారు. ఇక్కడ మాత్రం ఇప్పటికీ ఎవరి గుడి వారిదే.

కాబట్టి మీ సొంతూరి గుడిని ఏ మిషన్ వాళ్లు కట్టారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కడప వైపు వాళ్లకు యునైటెడ్ రిఫార్మ్డ్, మెదక్ వాళ్లకు మెథడిస్ట్, కృష్ణా, డోర్నకల్ వాళ్లకు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కాస్త తెలిసిన ఇల్లులా అనిపించవచ్చు.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కూడా ఒక గుడికీ ఇంకో గుడికీ పోలిక ఉండదు. ఒకచోట ధూపం, పాదిరుల నిలువుటంగీలు. పక్క వీధిలో డ్రమ్స్, స్క్రీన్, జీన్స్ వేసుకున్న పాస్టర్. ఉదయం ఎనిమిదింటి ఆరాధన చాలాచోట్ల ఆ పాత 1662 పుస్తకం ప్రకారమే, పాటలు లేకుండా జరుగుతుంది. పిల్లలున్నవాళ్లు పది, పదిన్నర ఆరాధనకు వెళ్లండి. ఒకటి నచ్చలేదని మానేయకుండా రెండు మూడు చూడండి. పాపపు ఒప్పుకోలు, వాక్య పఠనం, పరలోక ప్రార్థన దాదాపు అన్నిచోట్లా వినిపిస్తాయి. గంటకల్లా ముగుస్తుంది, కంగారు పడకండి.

చెప్పులు బయట విడవక్కర్లేదు. తలమీద చెంగు మీ ఇష్టం, ఎవరూ ఏమీ అనరు. మధ్యలో "శాంతి" అంటూ అందరూ చేతులు కలుపుతారు. ఈ అలవాటు ఇక్కడి చర్చిల్లోకి రావడంలో సీఎస్ఐ 1950 ఆరాధన క్రమం పాత్ర కూడా ఉంది, గర్వంగానే చెయ్యి చాపండి.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం) దగ్గరే చాలామందికి టెన్షన్. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో అసలు వైన్, సాధారణంగా ఒకే గిన్నె. మద్యం ముట్టని ఇంట్లో పెరిగినవాళ్లు రొట్టె మాత్రం తీసుకోవచ్చు, అది చాలు. మెథడిస్టుల దగ్గర మత్తు లేని ద్రాక్షరసం, చాలాచోట్ల చిన్న గ్లాసుల్లో. క్యాథలిక్ పూజకు వెళ్తే మాత్రం సంస్కారం తీసుకోకండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన చాలా ఇంగ్లిష్ చర్చిల్లో ఉండదు, ఆ రోజు నిరుత్సాహం తప్పదు. పెద్ద నగరాల్లో తెలుగు సహవాసాలు మధ్యాహ్నాలు కూడుకుంటాయి, ఆ రాత్రికి వాళ్లను పట్టుకోండి. కానీ ప్రతి ఆదివారం అక్కడికే పరిమితమైతే ఊరివాళ్లెవరూ పరిచయం కారు. నా మాటగా, ఉదయం ఊరి చర్చి, మధ్యాహ్నం తెలుగు సహవాసం.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కుదురుకుంటే ఎలక్టోరల్ రోల్ (చర్చి ఓటర్ల జాబితా) ఫారం అడిగి నింపండి. బాప్తిస్మం పొంది, 16 ఏళ్లు నిండి, ఆ చర్చి పరిధిలో ఉంటున్నా, లేదా ఆరు నెలలుగా అక్కడ ఆరాధనకు వస్తున్నా దరఖాస్తు చేయొచ్చు. పేరు చేరితే వార్షిక సమావేశంలో ఓటు వస్తుంది. కోత పండుగకు ఒక తెలుగు కీర్తన పాడతామని పాస్టర్ గారిని నెల ముందే అడగండి.