నాన్న సైకిలుకి ఆ పాత టైర్లే ఉండాలంటే: వానలకు ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు చాలా ఇళ్ళల్లో అరుగు మీదో పశువుల పాక గోడకో ఒక పాత సైకిలు ఆనించి ఉంటుంది. తాతదో, నాన్నదో. అమ్మమంటే అమ్మరు, తొక్కుదామంటే టైర్లు లేవవు. వేసవి సెలవుల్లో పిల్లలొచ్చి గోల పెడితే ఎవరో ఒకరు దాన్ని కిందికి దించి, వానలు పడేలోగా బాగు చేయిద్దామంటారు. 28 ఇంచీల కొత్త టైరు ఐదారు వందల లోపే దొరుకుతుంది కాబట్టి ఇది డబ్బు గొడవ కాదు. ఆయన అరగదీసిన టైరు పారేయడానికి చెయ్యి రాకపోవడం. అందులో వెక్కిరించాల్సింది ఏమీ లేదు. డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గాలనే గాలి టైరు చేశాడు, 1888లో పేటెంటు తీసుకున్నాడు. అంటే ఈ టైరు పుట్టిందే ఒక తండ్రి ముచ్చట కోసం.

కాకపోతే ముందు చక్రం దగ్గర మాత్రం సెంటిమెంటు పెట్టుకోవద్దు. వెనక టైరు పేలితే సైకిలు అటూ ఇటూ ఊగుతుంది గానీ, కాలు నేలకి ఆన్చి ఆగొచ్చు. ముందుది పేలితే హ్యాండిలు మన మాట వినదు. ఆర్.ఉదయగిరి వైపు కొండ దారిలో దిగుతున్నప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు. మా వీధి చివర షాపు పెద్దాయన అతికిన టైరు ఎవరు తెచ్చినా ఒకటే మాట అంటాడు: "ముందుకి ఒద్దు బాబూ, ఎనక్కి ఏసుకో. అదీ బజారు దాకానే." ఇంతకన్నా మంచి సలహా నేనెక్కడా వినలేదు.

ఆ వెనక చక్రానికైనా పనికొస్తుందో లేదో పగటి వెలుతురులో చూసి తేల్చుకోవాలి. టైరు విప్పి రెండు చేతులతో పట్టుకుని పక్క గోడని బయటికి వంచండి. సన్నని గీతల్లాంటి పగుళ్ళు కనిపిస్తాయి. అవి ఎండా, గాలిలోని ఓజోనూ చేసిన పని. పగుళ్ళున్నంత మాత్రాన టైరు పోయినట్టు కాదు. ఒక పగులు మీద బొటనవేలు పెట్టి, అది విచ్చుకునేలా నొక్కండి. అడుగున నల్లగా రబ్బరే కనిపిస్తే కొంత ఆశ ఉంది. తెల్లగానో మట్టి రంగులోనో దారం పోగులు కనిపించి, గోటితో గీకితే అవి పొడిగా ఊడొస్తుంటే ఆ టైరు రోడ్డెక్కకూడదు. గాలి ఒత్తిడిని ఆపేది పైనున్న రబ్బరు కాదు, ఆ దారాలే. అవి తెగిన చోట టైరు ఉబ్బుతుంది, ఉబ్బింది ఫోర్కుకో బ్రేకు కట్టకో రాసుకుంటుంది, ఇక పేలడానికి ఎంతోసేపు పట్టదు.

తరవాత అంచులు. రెండు అంచుల్లోనూ ఇనప తీగ ఉంటుంది, టైరుని రిమ్ములో పట్టి ఉంచేది అదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వరదకి నీళ్ళలో నానిన సైకిలైతే ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. అంచు వెంబడి వేళ్ళతో నొక్కుతూ చుట్టూ రండి. ఎక్కడైనా కరకరలాడినా, తుప్పు పొడి రాలినా, తీగ కొస పొడుచుకొచ్చినా అక్కడితో ఆపేయండి. దానికి అతుకు లేదు, కుట్టు లేదు. రిమ్ము లోపలి తుప్పు కూడా గరుకు కాగితంతో గీకించి, కొత్త రిమ్ టేపు (స్పోకుల కొసలు ట్యూబుకి గుచ్చుకోకుండా రిమ్ములో వేసే పట్టీ) వేయించాలి. టైరు లోపల తడిమేటప్పుడు వట్టి వేళ్ళు పెట్టొద్దు, పాత గుడ్డ చుట్టుకోండి. విరిగిన తుమ్మ ముల్లు ఎక్కడుందో గుడ్డ పోగు చిక్కుకుని చెబుతుంది.

చీలిక బొటనవేలి గోరంత వెడల్పు లోపు ఉంటేనే అతికించి తొక్కే ఆలోచన చేయండి. లోపల వేసే ముక్క మరో పాత టైరుది అయితే మంచిది. దాని అంచుల తీగ కోసేసి, చుట్టూ పల్చగా చెక్కించాలి, లేకపోతే ఆ మెట్టు దగ్గరే ట్యూబు అరుగుతుంది. చెప్పులు కుట్టే అతని చేత నైలాన్ దారంతో కుట్టిస్తుంటే కుట్లు ఎడంగా వేయమనండి. దగ్గర దగ్గరగా పడితే చిల్లులు పొడిచిన టిక్కెట్టు లాగా అక్కడే చిరుగుతుంది. ముడులు లోపలి వైపే రావాలి, వాటి మీద ముక్క కప్పుకోవాలి. సొల్యూషన్ (రబ్బరు అతికించే జిగురు) రెండు వైపులా పల్చగా రాసి, వేలి వెనక భాగానికి అంటనంత వరకూ ఆరనివ్వాలి. వానాకాలం తేమలో ఇది సరిగ్గా ఆరదు, అందుకే జూన్ రాకముందే చేయించుకోమనేది. సొల్యూషన్‌కి మంట ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి పక్కన బీడీ వెలిగించనివ్వొద్దు. షాపుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, మీరే గట్టిగా చెప్పాలి.

ట్యూబు, వాల్‌ట్యూబు (గాలి కొట్టే ముక్కుకి తొడిగే సన్న రబ్బరు గొట్టం) మాత్రం కొత్తవే వేయించండి. వాటి మీద ఎవరికీ మమకారం ఉండదు.

తొక్కడానికి ఆ టైరు పనికిరాదని తేలినా దాన్ని సైకిలుతోనే ఉంచుకునే దారి ఒకటుంది, నాకు అన్నిటికన్నా నచ్చేది కూడా అదే. దారాలు ఇంకా గట్టిగా ఉంటే రెండు అంచులూ కోయించి, పక్కలు చెక్కించి, మధ్య పట్టీని కొత్త టైరు లోపల అస్తరులా వేయించడం. బియ్యం బస్తాలు మోసే సైకిళ్ళకి మనవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే. పట్టీ కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, మధ్యలో కాస్త టాల్కం పౌడరు చల్లాలి. సైకిలు కొంచెం బరువుగా నడుస్తుంది. ముళ్ళు మాత్రం తొందరగా దిగవు, నాన్న టైరు కూడా చక్రంలోనే తిరుగుతుంటుంది.

దీనికి కొత్త టైరు కొనేటప్పుడు 28 అన్న అంకె ఒక్కటే చూసి మోసపోకండి. ఇలాంటి పాత పెద్ద సైకిలు (రోడ్‌స్టర్) టైరు కొలత 40-635; 635 అంటే రిమ్ములో కూర్చునే చోట టైరు వ్యాసం, మిల్లీమీటర్లలో. కొత్తరకం 700సి టైరు 622, అది ఈ రిమ్ముకి ఎక్కదు. ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్ళు తరచూ ఇక్కడే ఇరుక్కుంటారు.

గాలి చేతి పంపుతోనే కొట్టండి, కంప్రెసర్ వద్దు. అది క్షణాల్లో నింపేస్తుంది, అతుకు తట్టుకుంటుందా లేదా అని చూసుకునే వ్యవధి మనకి ఇవ్వదు. సగం కొట్టి ఆపి చక్రం తిప్పి చూడాలి. టైరు అంచు రిమ్ము చుట్టూ సమంగా కూర్చోకపోతే గాలి తీసి మళ్ళీ సర్దాలి. అతుకు ఉన్న వైపు మొహం పెట్టొద్దు, పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. టైరు మీద అచ్చువేసిన ఒత్తిడి కొత్త టైరుకి సంబంధించినది, అతికిన దానికి అంతవరకూ వెళ్ళొద్దు. నింపిన సైకిలుని ఒక రాత్రి నీడలో వదిలేసి, పొద్దున్నే అతుకు ఉబ్బిందేమో చూశాకే ఎక్కండి. ఎండలో నిలబెడితే గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది.

వాన మొదలయ్యాక అసలు టెన్షన్ బ్రేకులది. పాత సైకిళ్ళ రాడ్ బ్రేకులు ఇనప రిమ్ము మీద పట్టేవి, రిమ్ము తడిస్తే పట్టు చాలా వరకు పోతుంది. టైరు అరిగిపోయి నున్నగా ఉంటే అది ఇంకో తంటా. మహేంద్రతనయ నది వంతెన మీదైనా, పాతపట్నం రోడ్డు మీదైనా వానలో ఈ సైకిలు తీయకండి. తీయాల్సే వస్తే దిగి నడిపించుకుపొండి. వెనక క్యారేజీ మీద గ్యాస్ బండ పెట్టొద్దు, పిల్లల్ని ఎక్కించొద్దు, మీరొక్కరే తొక్కండి. ఇంటికొచ్చాక టైరు తుడిచి, వారానికోసారి అతుకు దగ్గర వేలు పెట్టి చూడండి. వేలికి ఎత్తు తగిలితే అదే రోజు విప్పించండి.