నాక్ సెన్సర్ సర్క్యూట్ కోడ్: మ్యానిఫోల్డ్ విప్పే ముందే లోపం ఎక్కడుందో తేల్చండి

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పి0325 అనే నాక్ సెన్సర్ కోడ్ చూపించింది. వెంటనే కొత్త సెన్సర్ కొని, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి చేర్చే గొట్టాల భాగం) విప్పి, పాతది తీసి కొత్తది బిగిస్తారు. రెండు రోజులకు అదే కోడ్ మళ్లీ వస్తుంది. నాక్ సెన్సర్ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఆ కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో లోపం ఉందని. సర్క్యూట్ అంటే సెన్సర్, వైరు, కనెక్టర్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) అన్నీ కలిపి. సెన్సర్ అందులో ఒక భాగం మాత్రమే.

సెన్సర్ లోపల ఒక పీజో సిరామిక్ బిళ్ల, అంటే కంపిస్తే విద్యుత్ పుట్టించే బిళ్ల, ఉంటుంది. సిలిండర్‌లో గాలి, ఇంధన మిశ్రమం అదుపు తప్పి పేలినప్పుడు (దీన్నే నాక్ అంటారు) పుట్టే కంపనం ఇంజిన్ బ్లాక్ గుండా దానికి చేరుతుంది, బిళ్ల కొన్ని మిల్లీవోల్టుల ఏసీ సంకేతం ఇస్తుంది. ఆ కంపనం ఫ్రీక్వెన్సీ సిలిండర్ వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 1800ని, 3.14తో గుణించిన వ్యాసంతో (మిల్లీమీటర్లలో) భాగిస్తే సుమారు విలువ కిలోహెర్ట్జ్‌లలో వస్తుంది. 86 మిల్లీమీటర్ల సిలిండర్‌కు అది దాదాపు 6.7. సంకేతం కొన్ని మిల్లీవోల్టులే కాబట్టి, బయటి రొద కలవకుండా దాని వైరుకు చుట్టూ షీల్డ్ అనే లోహపు తొడుగు ఉంటుంది. కనెక్టర్‌లో కాస్త తుప్పు పట్టినా, కాస్త తేమ చేరినా సర్క్యూట్ చెడిపోతుంది. సంకేతం నమ్మదగినది కాదనిపిస్తే ఈసీయూ ఇంజిన్‌ను కాపాడడానికి ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ వచ్చే సమయాన్ని, వెనక్కి జరుపుతుంది. బండి లాగకపోవడం, ఇంధనం ఎక్కువ తాగడం అందుకే.

ముందు కోడ్ ఏ రకమో చూడండి. పి0325 సాధారణ సర్క్యూట్ లోపం. పి0327 అంటే సంకేతం తక్కువ, పి0328 అంటే ఎక్కువ. పి0330, పి0332, పి0333 రెండో బ్యాంకువి (వీ ఇంజిన్‌లో సిలిండర్ల ఒక్కో వరుస ఒక బ్యాంకు). ఒకటో సిలిండర్ ఉన్న వైపే ఒకటో బ్యాంకు. పి0326ను మాత్రం వేరుగా చూడాలి. అక్కడ వైరింగ్ బాగానే ఉండి, నిజంగానే ఇంజిన్ నాక్ అవుతుండొచ్చు, లేదా వదులైన బ్రాకెట్ చప్పుడు సెన్సర్‌కు నాక్‌లా వినిపిస్తుండొచ్చు. ఫ్రీజ్ ఫ్రేమ్ డేటాను (లోపం వచ్చిన క్షణంలో ఈసీయూ దాచుకున్న విలువలను) రాసిపెట్టుకోకుండా కోడ్ చెరపకండి. ఇంజిన్ ఎంత వేడిగా ఉన్నప్పుడు, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర లోపం వచ్చిందో అందులోనే తెలుస్తుంది. వేడెక్కాకే వచ్చే లోపమైతే చల్లని ఇంజిన్ మీద ఎంత కొలిచినా దొరకదు.

అసలు పని ఈసీయూ కనెక్టర్ దగ్గర మొదలుపెట్టాలి. చాలా వీ ఇంజిన్లలో సెన్సర్ మ్యానిఫోల్డ్ కింద, చెయ్యి దూరని చోట ఉంటుంది. ఈసీయూ వైపు నుంచి కొలిస్తే వైరు, సెన్సర్ రెండూ ఒకేసారి పరీక్షకు వస్తాయి, ఒక్క బోల్టూ విప్పనక్కర్లేదు. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీయూ కనెక్టర్ ఊడదీయండి. ఊడదీసిన కనెక్టర్‌లో నాక్ సెన్సర్ సిగ్నల్, గ్రౌండ్ పిన్‌ల మధ్య మల్టీమీటరుతో రెసిస్టెన్స్ కొలవండి. రావలసిన విలువను ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోనే చూడాలి, ఎందుకంటే తేడా చాలా ఎక్కువ: టొయోటా రెండు వైర్ల సెన్సర్లలో చాలావాటికి 20 డిగ్రీల దగ్గర 120 నుంచి 280 కిలో ఓములు, మరికొన్ని రకాలకు మెగా ఓముల్లో. కొలిచేటప్పుడు రెండు ప్రోబ్‌ల లోహాన్నీ వేళ్లతో పట్టుకోకండి. ఇంత పెద్ద విలువల దగ్గర మీ శరీరం రెసిస్టెన్స్ కూడా లెక్కలోకి వచ్చి అంకె తప్పుతుంది. లావు ప్రోబ్‌లను ఆడ పిన్‌లలోకి గుచ్చితే అవి వెడల్పై, లేని లోపం కొత్తగా పుడుతుంది. సన్నని ప్రోబ్‌లే వాడండి.

విలువ సరిగ్గా వస్తే మీటరు అలాగే పెట్టి, హార్నెస్‌ను (వైర్ల కట్టను) మొదటి నుంచి చివరి దాకా కొంచెం కొంచెంగా కదిపి చూడండి. అంకె ఎక్కడ ఎగిరితే లోపం అక్కడే. విలువ రాకపోతే, సెన్సర్ కనెక్టర్ చేతికి అందే బండిలో దాన్ని ఊడదీసి వైర్లను విడిగా పరీక్షించండి. ఒక్కో వైరు చివరి నుంచి చివరికి 1 ఓము లోపు చూపాలి. సిగ్నల్ వైరుకు బాడీతో గానీ షీల్డ్‌తో గానీ సంబంధం ఉండకూడదు. షీల్డ్ ఒక చివరే గ్రౌండ్ అవ్వాలి. ఎవరో మరమ్మతు చేసి రెండు చివరలా గ్రౌండ్ చేసి ఉంటే బయటి రొద అంతా సంకేతంలో కలుస్తుంది. తెగిన చోట మామూలు వైరు ముక్క అతకడం కూడా తప్పే, షీల్డ్‌ను మళ్లీ చుట్టి కలపాలి.

ఈసీయూ సెన్సర్ వైరు మీదకు 5 వోల్టుల బయాస్ (స్థిరమైన వోల్టేజీ) పంపే డిజైన్‌లో ఒక సులువైన పరీక్ష ఉంది. విప్పిన ఈసీయూ కనెక్టర్, బ్యాటరీ తిరిగి కలిపి, సెన్సర్ కనెక్టర్ మాత్రం ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. హార్నెస్ వైపు సుమారు 5 వోల్టులు రావాలి. పి0327 ఉన్న బండిలో అప్పుడు కోడ్ పి0328కి మారితే వైరు బాగుంది, సెన్సరే షార్ట్. మారకపోతే వైరు ఎక్కడో గ్రౌండ్‌కు తగులుతోంది. పి0328 ఉంటే సెన్సర్ విలువకు సమానమైన రెసిస్టర్‌ను హార్నెస్ పిన్‌ల మధ్య పెట్టండి. కోడ్ పోతే లోపం సెన్సర్‌ది.

సెన్సర్ పనిచేస్తోందా లేదా అన్నది ఆసిలోస్కోప్‌తో (సంకేతాన్ని తెర మీద అలగా చూపే పరికరంతో) బాగా తెలుస్తుంది. ఇంజిన్ ఆపి ఉండగా సెన్సర్ పక్కన బ్లాక్ మీద చిన్న రెంచ్‌తో మెల్లగా తట్టండి, క్రమంగా చల్లారే అలల గుంపు తెర మీద కనబడాలి. స్కోప్ లేకపోతే మీటరును ఏసీ మిల్లీవోల్టులకు తిప్పితే అంకె కదలడం మాత్రం తెలుస్తుంది. సెన్సర్ మీదే ఎప్పుడూ కొట్టకండి, సిరామిక్ పగులుతుంది. కింద పడిన కొత్త సెన్సర్‌ను బిగించకపోవడమే మంచిదన్నది కూడా ఇందుకే.

మార్చాల్సి వస్తే ఆనుకునే రెండు తలాలనూ మెరిసే లోహం వచ్చేదాకా తుడవండి. మధ్యలో వాషర్, పెయింటు, సీలెంట్ ఏదీ వద్దు. మధ్యలో రంధ్రం ఉండి ఎం8 బోల్టుతో బిగించే చదును రకానికి మామూలుగా 20 న్యూటన్ మీటర్లు, అటూఇటూ 5. తక్కువైతే కంపనం సరిగ్గా అందదు, ఎక్కువైతే బిళ్ల నలిగి సంకేతమే మారిపోతుంది. అంచనాతో కాదు, టార్క్ రెంచ్‌తోనే బిగించండి. కొన్ని ఇంజిన్లలో మర రకం సెన్సర్ కూలెంట్ దారిలోకే దిగి ఉంటుంది, విప్పితే కూలెంట్ కారిపోతుంది. ముందే ఇంజిన్ చల్లార్చి, కింద పాత్ర పెట్టుకోండి.

చివరికి కోడ్ చెరిపి, ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కనిచ్చి, ఎత్తు ఎక్కిస్తూ లేదా బరువు మీద కొంతసేపు నడపండి. ఐడిల్‌లో నిలబెట్టి చూస్తే లాభం లేదు, చాలా ఈసీయూలు ఈ సర్క్యూట్‌ను వేడి ఇంజిన్ మీద, ఒక ఆర్‌పీఎం దాటాకే తనిఖీ చేస్తాయి. స్కానర్‌లో పెండింగ్ కోడ్‌లు (ఇంకా ఖాయం కాని లోపాల కోడ్‌లు) ఖాళీగా ఉండి, నాక్ రిటార్డ్ విలువ (నాక్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి జరిగిందో చెప్పే అంకె) మాత్రం లోడ్ కింద ఇంకా పెరుగుతుంటే, సర్క్యూట్ బాగైనట్టే. ఇక వెతకాల్సింది ఇంధనం ఆక్టేన్, సిలిండర్‌లోని కార్బన్, ఇంజిన్ వేడి, పలచబడిన మిశ్రమం.