రొయ్యల చెరువులో వైరస్ కట్టడి – 4వ పాఠం: మళ్లీ బ్లీచింగే

ఈ వారం సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్ల) పరీక్ష చెప్పాల్సింది. చివర్లో చోటు మిగిలితే చెబుతాను. ముందు పోయిన పాఠం తెచ్చిన తంటా తీర్చాలి. పిల్ల వదిలే ముందు, వైరస్ మోసే పీతలు చావడానికి చెరువు నీటికి 20 పీపీఎం లెక్కన బ్లీచింగ్ కొట్టమన్నాను.

భీమిలి దగ్గర గోస్తనీ పక్కన ఎకరం చెరువున్న కుర్రాడు బ్లీచింగ్ కొట్టిన మూడో రోజు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మీరు చెప్పినట్టే కొట్టినాను. గట్టు కింద పీతలు ఇంకా తిరుగుతున్నాయేటి?" అన్నాడు. ఎంత కొట్టావని అడిగితే తడుముకోకుండా చెప్పాడు: 96 కిలోలు.

ఆ అంకె వినగానే తప్పెక్కడో తెలిసిపోయింది. ఇలాంటి ఫోను నాకిది నాలుగోది. కాబట్టి ఈసారి నెమ్మదిగా వెళదాం.

ఎకరం అంటే దాదాపు 4,000 చదరపు మీటర్లు. సగటు లోతు 1.2 మీటర్లు అనుకుంటే నీరు 4,800 ఘనపు మీటర్లు. ఒక పీపీఎం అంటే ఘనపు మీటరు నీటికి ఒక గ్రాము. 20 పీపీఎంకి 96,000 గ్రాములు, అంటే 96 కిలోలు. ఇక్కడిదాకా కుర్రాడి లెక్క కరెక్టే. కానీ ఆ 20 క్లోరిన్‌ది, పొడిది కాదు! బస్తాలో ఉన్నది బ్లీచింగ్ పౌడరు. తాజా సరుకైతే అందులో పనికొచ్చే క్లోరిన్ నూటికి 33 పాళ్లు ఉంటుంది. 96ని 0.33తో భాగించండి, 290 కిలోలు వస్తుంది. మావాడు కొట్టింది అందులో మూడో వంతు. పీతలు తిరగక ఏం చేస్తాయి?

కొందరు 20 పీపీఎం అంటారు, కొందరు 60 పీపీఎం అంటారు. రెండూ ఒకటే మాట. 20 అన్నవాడు క్లోరిన్ లెక్క చెబుతున్నాడు, 60 అన్నవాడు పొడి లెక్క చెబుతున్నాడు. 60ని 4,800తో హెచ్చిస్తే 288 కిలోలు, చూశారుగా. రాంబిల్లి వైపు ఒకాయన ఈ 60ని క్లోరిన్ అనుకుని ఎకరానికి 870 కిలోలు పోశాడు. ఆ ఘాటుకి పది రోజులు చెరువు గట్టు ఎక్కలేకపోయాడు. ఎవరైనా మీకు పీపీఎం చెబితే మొదటి ప్రశ్న ఒక్కటే: "పొడిదా, క్లోరిన్‌దా?" చెప్పలేకపోతే ఆ సలహా వదిలేయండి.

ఇంకో పేచీ, పాత బస్తా. మూతి విప్పి షెడ్డులో పెట్టిన బస్తా తేమ పీల్చి ముద్దకడుతుంది, బలం పోతుంది. 33 కాస్తా 20కి దిగితే అదే చెరువుకి 480 కిలోలు కావాలి. "వాసన ఘాటుగానే ఉంది కదండీ" అంటారు. ఆ వాసన బస్తాలోంచి పారిపోతున్న క్లోరిన్‌దేనయ్యా! నేను సీలున్న బస్తా తప్ప కొనను, పది రూపాయలు ఎక్కువైనా సరే.

బ్లీచింగ్‌కి ముందు సున్నం కొట్టకండి. పీహెచ్ పెరిగితే క్లోరిన్ చంపే బలం బాగా తగ్గిపోతుంది. పొద్దుగూకాక కొట్టండి, ఎండకి క్లోరిన్ విరిగిపోతుంది. ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే చక్రాలు) తిప్పితే నీరంతా కలుస్తుంది. పిల్ల వదిలే ముందు గ్లాసుడు చెరువు నీటిలో ఆర్థోటోలిడిన్ (క్లోరిన్ మిగిలిందో లేదో చూపే మందు) చుక్కలు వేయండి. పసుపు తిరిగితే ఇంకా ఆగాలి.

ఇంత రభస పీతల కోసం ఎందుకంటే, తెల్లమచ్చ వైరస్ పీతలో ఉండి కూడా పీతని చంపకపోవచ్చు. రొయ్యకి అంటుకుంటే మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఖాళీ. 1994-95లో మన తీరంలో టైగర్ రొయ్యని ముంచింది ఇదే. దీనికి మందు లేదు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాకి పనిచేస్తుంది, వైరస్‌ని ఏమీ చేయదు. ఆ డబ్బుతో గట్టు చుట్టూ పీతలు రాకుండా వల కట్టుకోండి.

ఇక సీడ్ పరీక్ష. 2009లో వనామీ రకం రొయ్య వచ్చినప్పటి నుంచి ఎస్పీఎఫ్ (స్పెసిఫిక్ పాథోజెన్ ఫ్రీ) అంటే రోగం రాని రొయ్య అని చాలామంది నమ్ముతున్నారు. కాదు. తల్లి రొయ్యల్లో ఫలానా రోగాలు లేవని మాత్రమే దాని అర్థం. పిల్ల మీ చెరువులో దిగాక ఆ మాట చెల్లదు. అందుకే పీసీఆర్ (పిల్లలో వైరస్ ఉందో లేదో చూసే ల్యాబ్ పరీక్ష) చేయిస్తాం. హేచరీ (పిల్లల్ని పుట్టించి అమ్మే చోటు) వాళ్లు పది పిల్లల్ని సీసాలో వేసి పంపితే ఒప్పుకోకండి. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకి వైరస్ ఉందనుకోండి. పదింటిని తీస్తే పదీ మంచివే వచ్చే అవకాశం నూటికి 82. కాగితం మీద నెగటివ్, చెరువులో తెల్లమచ్చ. 150 తీస్తే ఆ మోసపోయే అవకాశం నూటికి 5కి దిగుతుంది. బకెట్లో నీరు చేత్తో గుండ్రంగా తిప్పండి. ఎదురీదలేక మధ్యలో పోగయ్యేవాటినే ముందు తీయాలి.

అభ్యాసం. చెరువులో దిగి, గడకర్ర దించి 20 చోట్ల లోతు కొలవండి: తూము దగ్గర, మూలల్లో, మధ్యలో. తూము దగ్గరి లోతునే సగటు అనుకుంటే లెక్క మొదట్లోనే పోతుంది. ఆ సగటుతో 33, 25, 20 పాళ్ల పొడికి ఎన్ని కిలోలో వేరువేరుగా కట్టండి. ఆ తర్వాత ఇది: 60 సెంట్ల రిజర్వాయరు, సగటు లోతు 1.5 మీటర్లు, పొడి బలం 28, కావాల్సింది 20 పీపీఎం క్లోరిన్. 25 కిలోల బస్తాలు ఎన్ని? జవాబు వచ్చే వారం. 72 కిలోలు, మూడు బస్తాలు అని పంపేవాళ్లు ఈ పాఠం పైనుంచి మళ్లీ చదవాలి.