డైట్, నడక కొత్తగా మొదలుపెట్టారా? మొదటి రెండు నెలలు పట్టు వదలకుండా ఉండాలంటే

కనుమ వెళ్ళిన మర్నాడు మా కాలువ గట్టు మీద జనాన్ని చూడాలండి. వారం రోజులపాటు తిన్న అరిసెలు, పాకుండలు, పొంగడాల భారమంతా దింపేసుకోవాలని కొత్త బూట్లు వేసుకుని పదిహేను మందైనా ఒకేసారి బయల్దేరతారు. నెల తిరిగేసరికి వాళ్ళలో ముగ్గురో నలుగురో మిగులుతారు, శివరాత్రి దాటాక ఎప్పుడూ నడిచే రిటైర్డ్ మాస్టారు గారొక్కరే కనిపిస్తారు. అలా మధ్యలో ఆగిపోయినవాళ్ళలో నేనూ వరసగా మూడేళ్ళు ఉన్నాను. నాలుగో ఏడు ఆగలేదు. 78 కేజీల నుంచి 67కి రావడానికి పదహారు నెలలు పట్టింది, ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాను. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు, ఇంట్లో ఆరుగురం, వంట నాదే, ఖాళీ దొరికితే కుట్టుమిషను ముందు కూర్చుంటాను. ఇలాంటి ఇంట్లో ఉండి మొదలుపెట్టేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఆ మూడేళ్ళూ నాకు పట్టుదల లేదనే అనుకున్నాను. అసలు తప్పు ప్లాన్‌లో ఉందని తర్వాత అర్థమైంది. మొదలుపెట్టిన రోజు ఉండే ఊపు ఎవరికైనా పది పన్నెండు రోజులకి తగ్గిపోతుంది, ఆ ఊపులో ఉండగా రోజూ గంట నడుస్తాను, రాత్రి అన్నం పూర్తిగా మానేస్తాను అని రాసుకున్నది తర్వాత ఎలా సాగుతుంది? అందుకని ప్లాన్ వేసేటప్పుడు ఒంట్లో ఓపికున్న రోజుని లెక్కలోకి తీసుకోకండి. తలనొప్పిగా ఉండి, ఇంటినిండా చుట్టాలుండి, రాత్రి కరెంటు పోయి నిద్రలేని రోజుని తలుచుకుని, ఆ రోజు కూడా చేయగలిగినంతే రాసుకోండి. నాకైతే అది పది నిమిషాల నడక. మా రేవు దగ్గర మొదలుపెట్టి వంతెన దాకా వెళ్ళి వెనక్కి రావడం, అంతే. ఓపికున్న రోజు ఇంకో రెండు చుట్లు వేసేదాన్ని, కానీ క్యాలెండర్‌లో టిక్కు పడటానికి పది నిమిషాలు చాలు.

దానికి టైమ్ గడియారం చూసి పెట్టుకోకండి, రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించండి. నేను పొద్దున్న ఫిల్టర్‌లో కాఫీ పొడి వేసి వేడినీళ్ళు పోసి వెంటనే గడప దాటేస్తాను, డికాషన్ దిగేసరికి తిరిగి వచ్చేస్తాను. ఇప్పుడు నీళ్ళు పోస్తూంటేనే కాళ్ళు చెప్పుల వైపు వెళ్తాయి. ఒక పని ఇలా అలవాటుగా మారడానికి ఎన్నాళ్ళు పడుతుందని లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో ఒక పేపర్ రాశారు. సగటున 66 రోజులని తేలింది, కానీ ఒక్కొక్కరికి ఒక్కోలా, 18 రోజుల నుంచి 254 దాకా. 21 రోజుల్లో అలవాటైపోతుందని విని, ఇరవై రెండో రోజు కూడా బద్ధకంగా ఉందేమిటని దిగులు పడేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం పెద్దగా దెబ్బతినలేదని కూడా అందులోనే తేలింది, నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఆ మాటే.

నడకకి మన ప్రాంతం చాలా అనువైనది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న కాలువలు ఊరూరా ఉన్నాయి, వాటి గట్లున్నాయి, నేలంతా చదును కాబట్టి మోకాళ్ళ మీద భారం తక్కువ. రెండు నెలలయ్యాక కాస్త ఎక్కువ కష్టపడదామనిపిస్తే ఏటిగట్టు ఎక్కి దిగండి, అదే మన కొండ. ఉక్కపోత మాత్రం తక్కువదేం కాదు, ఫాల్గుణం దాటిందంటే ఆరున్నర లోపే ముగించాలి.

ఆడవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పొద్దున్నే ఒంటరిగా గట్టు మీద చేతులూపుకుంటూ నడుస్తుంటే రేవులో అంట్లు తోముకునేవాళ్ళు తలెత్తి చూస్తారు, "ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే" అని అడుగుతారు. మొదటి ఏడాది నేను ఆగిపోయింది ఒళ్ళునొప్పులకి కాదు, ఆ చూపులకే. తర్వాత పక్కింటి వదినని తోడు పిలిచాను. ఇద్దరుంటే అడిగేవాళ్ళు తగ్గారు, కుక్కల భయం పోయింది, అన్నిటికన్నా ముఖ్యంగా, నాకు లేవబుద్ధి కాని రోజున ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంటుందని తెలిసి లేచేదాన్ని. తోడుని ఎంచుకునేటప్పుడు మీకన్నా వేగంగా నడిచేవాళ్ళకన్నా చెప్పిన టైముకి వచ్చేవాళ్ళని చూసుకోండి.

ఇక కాటా సంగతి. చాలామంది మనసు విరిగేది దీని దగ్గరే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. అన్నం, తీపి తగ్గించిన మొదటి వారంలో కేజీన్నర, రెండు కేజీలు దిగిపోతుంది, ఎంత సంబరంగా ఉంటుందో. అందులో ఎక్కువ భాగం నీరే. మన కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది, దాని ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ఆ నిలవ ఖర్చవుతుంది, నీరూ వెళ్ళిపోతుంది. ఇది తెలియక రెండో వారం కూడా రెండు కేజీలు దిగుతుందని ఎదురుచూస్తాం, కాటా కదలదు, మూడో వారం అరకేజీ పెరిగినట్టు కూడా చూపిస్తుంది. ఇంత కష్టపడినా ఏం లాభం అని వదిలేస్తాం. నిజానికి అసలు కొవ్వు కరగడం అప్పుడే మొదలై ఉంటుంది. కేజీ కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు, రోజుకి 500 కేలరీలు తగ్గించి తింటే వారానికి అరకేజీ లోపే లెక్క తేలుతుంది. కొత్తావకాయ నాలుగు పూటలు తింటే ఆ ఉప్పుకి ఒంట్లో నీరు నిలిచి మర్నాడు కాటా పైకి పోతుంది, నెలసరి ముందు కూడా అంతే. కాబట్టి రోజూ కాటా ఎక్కకండి. వారానికి ఒకే రోజు, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసి రాసుకోండి, నాలుగు వారాలకోసారి ఆ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. టైలరింగ్ టేపుతో నడుము కూడా కొలవండి. మనవాళ్ళలో ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితే జాగ్రత్తపడాలి అంటారు. నాకు కాటా ఐదు వారాలు 75 దగ్గరే ఆగిపోయినప్పుడు టేపు మాత్రం మూడు సెంటీమీటర్లు తగ్గింది, ఆ అంకె చూసే నిలబడ్డాను.

లక్ష్యం కూడా దగ్గరగా పెట్టుకోండి. ఉన్న బరువులో వందకి ఐదు వంతులు తగ్గినా షుగరు, బీపీల్లో తేడా కనిపించడం మొదలవుతుంది. 78 కేజీలకి ఐదు వంతులంటే నాలుగు కేజీల లోపే. పెళ్ళినాటి బరువుకి వెళ్ళిపోవాలని రాసుకుంటే గోదారి ఈదినట్టుంటుంది, నాలుగు కేజీలు మాత్రం రెండు మూడు నెలల్లో అందుతుంది.

తిండి దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి, నడకతో తిండిని చెల్లగొట్టలేమని. అరగంట చురుగ్గా నడిస్తే నా బరువుకి ఖర్చయ్యేది ఓ 150 కేలరీలు, ఒక కప్పు అన్నమే దాదాపు 200. బరువు దిగేది ఎక్కువగా కంచం దగ్గరే. అలాగని మన తిండి వదిలేసి ఓట్సు, సలాడ్లు తెచ్చుకుంటే వారం కూడా సాగదు. మనం అన్నం ఎలా తింటామో ఒకసారి గమనించండి. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, చారులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి, మొత్తం నాలుగుసార్లు కలుపుకుంటాం, ప్రతిసారీ కొత్త అన్నం వేసుకుంటాం. నేను కొలిచి చూస్తే పూటకి మూడు కప్పులు తేలింది. చారు గ్లాసులో పోసుకుని తాగేయడం, పెరుగన్నం బదులు మజ్జిగ తాగడం, ఈ రెండే మార్చాను. సగం అన్నం తగ్గింది, ఏ రుచీ పోలేదు. ఆ తగ్గిన చోటులోకి ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర రెట్టింపు వేసుకున్నాను, పూటకి ఒక గుడ్డో, చేప ముక్కో, పెసలో ఉండేలా చూసుకున్నాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ రోజు తిండిలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లే ఉండాలని చెప్పారు. పిల్లలు కంచంలో వదిలేసిన ముద్ద పారేయలేక మనం తినేస్తామే, ఆ అలవాటుకి నేను చేసిందల్లా వాళ్ళకి తక్కువ పెట్టి, అడిగితే మళ్ళీ వడ్డించడం.

మన గోదావరి జిల్లాల్లో ప్రేమంతా గరిటెలోనే ఉంటుంది. నేను చెయ్యి అడ్డం పెట్టినా మా అత్తయ్యగారు "అదేంటమ్మా, పిట్ట తిన్నట్టు తింటున్నావు, ఒంట్లో బాగోలేదా" అంటూ ఇంకో గరిటెడు వేసేసేవారు. రెండేళ్ళు ఆవిడ మీద లోపల్లోపల చిరాకుపడ్డాను. ఒక రోజు పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, షుగరు బోర్డర్లో ఉందన్నారండి డాక్టరుగారు, మీరే సాయం చెయ్యాలి. అన్నం గిన్నె మీ దగ్గరే పెట్టుకోండి, నేను అడిగినా రెండోసారి వెయ్యకండి" అన్నాను. ఆవిడ కాసేపేమీ మాట్లాడలేదు. మర్నాడు పన్నెండింటికి నన్ను పిలిచి, "నీకోసం పొట్లకాయలో పెసరపప్పు వేసి నూనె తక్కువతో వండానే, రుచి చూడు" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళకి డైటింగ్ అని చెబితే అర్థం కాదు, అడ్డు తగులుతారు. ఆరోగ్యం కోసం మీ సాయం కావాలని అడిగితే వాళ్ళకన్నా గట్టి కాపలా ఉండదు.

పెళ్ళిళ్ళు, వ్రతాలు, గృహప్రవేశాలు వస్తూనే ఉంటాయి. వెళ్ళండి, తినండి. ఆకలితో మాత్రం వెళ్ళకండి, ఇంట్లో ఓ గ్లాసు మజ్జిగ తాగి బయల్దేరండి. విస్తట్లో మీకు నిజంగా ఇష్టమైంది ఒకటి ముందే అనుకోండి. నాకు పూర్ణంబూరె. దానికి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుని ఒక్కటే నెమ్మదిగా తింటాను, మిగతా తీపి వడ్డించేలోపే చెయ్యి అడ్డం పెడతాను. మర్నాడు పస్తులుండి చెల్లు వేసుకోవాలని చూడొద్దు, సాయంత్రానికి రెట్టింపు ఆకలేసి కథ మళ్ళీ మొదటికొస్తుంది. మర్నాడు మామూలు తిండి, మామూలు పది నిమిషాల నడక.

ఒళ్ళునొప్పులు మొదలుపెట్టిన మర్నాటి నుంచి మూడో రోజు దాకా ఎక్కువగా ఉంటాయి, వాటంతటవే తగ్గుతాయి, ఆ రోజుల్లో నెమ్మదిగా నడిస్తే ఇంకా తేలికవుతుంది. మూడో వారం నుంచి వారానికి రెండు మూడుసార్లు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆన్చి పదిసార్లు తోయడం కలపండి. కండ ఉంటేనే తగ్గిన బరువు నిలుస్తుంది. నొప్పి కీలులో పొడిచినట్టున్నా, ఛాతీలో బిగిసినట్టున్నా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకి చూపించుకోండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి తగ్గించేముందే డాక్టరుతో మాట్లాడాలి, డోసు మార్చకపోతే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. ఎంత చేసినా బరువు కదలక, ఎప్పుడూ నీరసంగా ఉంటే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి.

రోజు తప్పితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే, వరసగా రెండు రోజులు తప్పనివ్వను. నిన్న మానేశానంటే ఈ రోజు వర్షమైనా, చుట్టాలొచ్చినా పది నిమిషాలు తప్పవు. గోడకి వేలాడే క్యాలెండర్‌లో నడిచిన రోజుకి ఎర్ర పెన్నుతో టిక్కు పెడతాను, మా అబ్బాయి దాన్ని చూసి "అమ్మా, నిన్న గడి ఖాళీగా ఉంది" అని గుర్తుచేస్తాడు.

జూన్‌లో కాలువలకి నీళ్ళొదిలి వానలు పట్టుకున్నాక గట్టంతా బురదైపోతుంది, సార్వా ఊడ్పుల రోజుల్లో ట్రాక్టర్లు తిరిగి కాలు పెట్టే వీలే ఉండదు. అదివరకటి నేనైతే అప్పుడైనా మానేసి ఉండేదాన్ని, దసరాకి మళ్ళీ చూద్దాంలే అనుకుని. ఇప్పుడు దానికీ చోటు ముందే చూసి పెట్టుకున్నాను. మా వసారా ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై రెండు అడుగులు. కొబ్బరికాయల రాశి ఓ పక్కకి జరిపించి, డికాషన్ దిగేదాకా అక్కడే తిరుగుతాను, వదిన కూడా గొడుగేసుకుని మా వసారాలోకే వచ్చేస్తుంది.