టయోటాలో మెయింటెనెన్స్ రిక్వయర్డ్ లైట్ వెలిగితే ఏం చేయాలి, ఎలా రీసెట్ చేయాలి

అమెరికా వచ్చి సెకండ్ హ్యాండ్ కరోలానో క్యామ్రీనో కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది డ్యాష్‌బోర్డ్ మీద పసుపు రంగులో మెయింటెనెన్స్ రిక్వయర్డ్ అని కనపడగానే ఇంజిన్‌కి ఏదో అయిపోయిందని కంగారు పడిపోతుంటారు. అంత భయం అక్కర్లేదు. ఆ లైట్‌కి ఆయిల్ ఎలా ఉందో తెలీదు, ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో అసలే తెలీదు, పోయినసారి రీసెట్ చేసిన దగ్గర్నుంచి ఎన్ని మైళ్ళు తిరిగిందో లెక్కపెట్టడం ఒక్కటే దాని పని. దాదాపు 4,500 మైళ్ళకి బండి ఆన్ చేసినప్పుడు కాసేపు మెరిసి ఆరిపోతుంది, 5,000 దాటాక ఇక వెలుగుతూనే ఉంటుంది.

కానీ దీన్ని చెక్ ఇంజిన్ లైట్‌తో కలపొద్దు, అది ఇంజిన్ బొమ్మతో వస్తుంది, దాని సంగతి వేరు, ఆటో పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల బండి కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ ఫ్రీగానే చదివి చెప్తారు. ఎర్రగా నూనె డబ్బా బొమ్మ వెలిగిందంటే మాత్రం ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని, ఇంటిదాకా పోనిద్దాం అనుకోకుండా వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి.

రీసెట్ చేసే ముందు ఆయిల్ మార్పించండి, లేదా కనీసం డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూపే సన్నటి కడ్డీ) తీసి చూడండి. బండి చదునుగా ఉన్నచోట ఆపి, వేడెక్కిన ఇంజిన్ ఆఫ్ చేసి ఓ 5 నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి మళ్ళీ పూర్తిగా లోపలికి పెట్టి తీయండి, చివర్లో ఉన్న రెండు గుర్తుల మధ్య ఆయిల్ తడి ఉండాలి, కింది గుర్తు కంటే దిగువన ఉంటే మైళ్ళ లెక్క పక్కన పెట్టి ముందు ఆయిల్ పోయించండి. జీరో డబ్ల్యూ 20 (0W-20) అనే పల్చటి సింథటిక్ ఆయిల్ వాడే చాలా మోడళ్ళకి ఆయిల్ మార్పు 10,000 మైళ్ళకో ఏడాదికో అని టయోటానే చెప్తుంది, అయినా లైట్ మాత్రం 5,000కే వస్తుంది, ఎందుకంటే టైర్ రొటేషన్ (టైర్ల స్థానాలు మార్చడం), మిగతా చెకింగులు అప్పుడు చేయించాలి. మీ బండి సంగతి మాన్యువల్‌లో చూసుకోండి.

ఇక రీసెట్. 2009 నుంచి 2013 దాకా వచ్చిన కరోలా లాంటి బళ్ళలో తాళం ఆన్‌లో పెట్టి, డ్యాష్‌బోర్డ్ మీద ఉండే చిన్న ట్రిప్ బటన్ నొక్కుతూ ట్రిప్ ఏ (ఒక్కో ప్రయాణానికి మైళ్ళు చూపే మీటర్) తెచ్చుకోండి, ఇంకా పాత మోడళ్ళలో అయితే ట్రిప్ కాదు మామూలు ఓడోమీటర్ రీడింగ్, అంటే బండి మొత్తం తిరిగిన మైళ్ళు ఉండాలి. తర్వాత తాళం ఆఫ్ చేసి, ఆ బటన్ నొక్కి పట్టుకునే మళ్ళీ ఆన్‌కి తిప్పండి, ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, స్టార్ట్ చేస్తే రీసెట్ క్యాన్సిల్ అయిపోతుంది. వేలు తీయకుండా అలాగే పట్టుకుంటే స్క్రీన్ మీద వరసగా సున్నాలు వస్తాయి, లైట్ ఆరిపోతుంది. చాలామంది సున్నాలు రాకముందే బటన్ వదిలేస్తారు, అందుకే పనిచేయలేదనుకుంటారు. పుష్ బటన్ బండైతే బ్రేక్ మీద కాలు పెట్టకుండా స్టార్ట్ బటన్ రెండుసార్లు నొక్కితే ఆన్ అవుతుంది. కొత్త మోడళ్ళలో ఈ తంటా లేదు, స్టీరింగ్ బటన్లతో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మెయింటెనెన్స్ రీసెట్‌కి ఎస్ కొడితే సరి.

పాత బండి కొనేవాళ్ళకి ఒక మాట. ఈ లైట్ ఆర్పడానికి నిమిషం పట్టదు, చుక్క ఆయిల్ మార్చకుండానే ఆర్పేయొచ్చు, కాబట్టి డ్యాష్‌బోర్డ్ శుభ్రంగా ఉందని నమ్మేయకుండా ఆయిల్ చేంజ్ రసీదులు అడగండి, ముందు అద్దం మూలన అంటించిన స్టిక్కర్ మీద తర్వాతి సర్వీస్ మైలేజ్ ఉంటే ఓడోమీటర్‌తో పోల్చి చూడండి, డిప్‌స్టిక్ మీరే లాగి చూడండి. కొన్నాక మొదటి ఆయిల్ చేంజ్ మీరే చేయించి అదే రోజు లైట్ కూడా రీసెట్ చేసుకుంటే, అక్కణ్ణుంచి లెక్క మీ చేతిలో ఉంటుంది.