కొండదారికి రోడ్ బైక్ – 3వ పాఠం: పళ్లు లెక్కపెట్టండి

గత పాఠంలో ఫ్రేమ్ సైజు చూశాం. మీ ఇన్‌సీమ్ కొలత (కాలి లోపలి వైపు పొడవు) కాగితం మీద రాసిపెట్టుకున్నారు కదా, దాన్ని అలాగే ఉంచండి. ఈసారి గేర్ల సంగతి. నా దృష్టిలో మొత్తం పాఠాల్లో ఇదే ముఖ్యం. మన డెల్టాలో తొక్కేవాళ్లు కొనేటప్పుడు సరిగ్గా ఇక్కడే తప్పుతారు.

కారణం మన నేలే. ధవళేశ్వరం దిగువన కాలువ గట్ల మీద ఎంత దూరం తొక్కినా మెరక అనేది రాదు. కడియం నర్సరీల మీదుగా వెళ్లినా, కోనసీమలో లంకల వెంట తిరిగినా మన కాళ్లకు తెలిసిన ఎత్తు గోదావరి మీది వంతెన ఎక్కడమే. అది రెండు నిమిషాల్లో అయిపోతుంది. అలా ఏళ్ల తరబడి తొక్కి, ఓ ఆదివారం గ్రూపుతో కలిసి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాట్‌కి బయల్దేరుతాం. అప్పుడు తెలుస్తుంది, మన సైకిల్‌కి అసలు కొండ గేరే లేదని.

నాకు అలాగే తెలిసింది. నా మొదటి రోడ్ బైక్ కొన్నప్పుడు షాపులో చెప్పింది బరువు గురించే. "చూడండి, ఒక వేలితో లేస్తుంది" అన్నారు. నేనూ వేలితో లేపి చూసి మురిసిపోయాను. దానికి ముందువైపు చైన్‌వీల్స్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు) 53, 39 పళ్లవి, వెనకవైపు క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి) 11 పళ్ల నుంచి 25 పళ్ల వరకు. ఘాట్ మొదలయ్యాక చిన్న చైన్‌వీల్‌కీ, వెనక అన్నిటికన్నా పెద్దదానికీ వచ్చేశాను. ఇంకా తేలిక గేరు కోసం లీవర్ నొక్కుతూనే ఉన్నాను. పక్కన వస్తున్న పెద్దాయన "ఇంకా గేరు లేదా తమ్ముడూ?" అని అడిగారు. లేదు. ఆ రోజు పట్టుకున్న మోకాలి నొప్పి మూడు వారాలు వదల్లేదు.

ఇప్పుడు లెక్క నేర్చుకుందాం. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించండి. వచ్చిందే గేరు నిష్పత్తి. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో అది. నాది 39ని 25తో భాగిస్తే 1.56. ఈ నిష్పత్తిని నిమిషానికి మీరు తిప్పే చుట్లతో (దీన్నే క్యాడెన్స్ అంటారు) గుణించి, మళ్లీ 0.13తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 28 మిల్లీమీటర్ల టైరున్న మామూలు రోడ్ బైక్‌కి ఈ లెక్క చాలు.

కొండ మీద నిమిషానికి 70 చుట్లు తిప్పగలిగితే మోకాళ్లకు హాయి. అలా తిప్పాలంటే 1.56 గేరులో నేను గంటకు 14 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలి. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, రోడ్డు వంద మీటర్లకు 8 మీటర్లు లేస్తోంది అనుకోండి. గాలి, టైరు రాపిడి పక్కనబెట్టి ఆ బరువును పైకి తీసుకెళ్లడానికే సుమారు 240 వాట్లు కావాలి. గంటల తరబడి తొక్కి వచ్చిన మామూలు మనిషి అంత శక్తిని ఎక్కువసేపు ఇవ్వలేడు. 34 పళ్ల చైన్‌వీల్, వెనక 28 ఉంటే వేగం 11, శక్తి 190 వాట్లు. వెనక కూడా 34 ఉంటే నిష్పత్తి సరిగ్గా 1. వేగం 9, శక్తి 160 వాట్ల లోపు. అదే 160 వాట్లతో నా పాత సైకిల్ మీద ఎక్కితే క్యాడెన్స్ 45కి పడిపోతుంది. ప్రతి చుట్టుకూ మోకాలి మీద బరువు మోపి నొక్కాల్సిందే.

బరువు సంగతీ ఇదే లెక్కలో తేలుతుంది. సైకిల్ ఒక కిలో తగ్గితే 80లో ఒక వంతు తగ్గినట్టు. గంటసేపు ఎక్కే కొండ మీద ముప్పావు నిమిషం కలిసొస్తుంది. దానికోసం వేలకు వేలు పెట్టే ముందు క్యాసెట్ చూడండి.

"గ్రూపులో వెళ్తాం కదా, ముందువాళ్ల వెనక దూరితే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. చదును మీద నిజమే. ఎదురుగాలిలో ముందు మనిషి వెనక ఉంటే ఎంతో శ్రమ తగ్గుతుంది. కానీ గంటకు 9, 10 కిలోమీటర్ల వేగంలో గాలి అడ్డు దాదాపు ఉండదు, అడ్డంతా బరువే. అక్కడ ఎవరి కొండ వాళ్లే ఎక్కాలి.

చిన్న చైన్‌వీల్స్ తీసుకుంటే చదును మీద వెనకబడతామన్న భయం ఒకటుంది. వదిలేయండి. 50, 34 ఉన్న కాంపాక్ట్ సెట్‌లో 50కి 11 వేసి నిమిషానికి 90 చుట్లు తిప్పితే గంటకు 53 కిలోమీటర్లు. మన గ్రూపుల్లో ఆ వేగంతో ఎవరు వెళ్తున్నారు? అసలు ఇబ్బంది వేరే ఉంది. 11 గేర్ల 11–34 క్యాసెట్‌లో పళ్లు 11, 13, 15, 17 ఇలా రెండేసి పెరుగుతాయి. గ్రూపు ఒకే వేగంతో పోతుంటే ఒక గేరు బరువుగా, పక్కది మరీ తేలికగా అనిపిస్తుంది. నాకూ అది చిరాకే. 11–28లో 12, 14 కూడా ఉంటాయి కాబట్టి ఆ ఖాళీ తెలియదు. ఏడాదికి ఒక్కసారే కొండకు వెళ్లేవాళ్లు 28తో సర్దుకోవచ్చు. నెలకోసారి ఘాట్ ఎక్కే గ్రూపు మీదైతే మాత్రం 34 తీసుకోండి.

షాపులో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) ఎన్ని పళ్ల వరకు పడుతుంది? షిమానో కంపెనీ గేర్ల సెట్ 105లో పదకొండు గేర్ల రకం (ఆర్7000) తీసుకుంటే, పొట్టి కేజ్ (చైన్‌ను పట్టి ఉంచే చట్రం) డిరైలర్ 30 వరకే, పొడుగుది 34 వరకు. పొట్టిది బిగించిన సైకిల్ కొని తర్వాత క్యాసెట్ ఒక్కటే మారుద్దామంటే కుదరదు. డిరైలర్ కూడా కొనాలి, చైన్ కూడా.

టెస్ట్ రైడ్‌లో ఒక మోసం ఉంది, జాగ్రత్త. చదును రోడ్డు మీద 34కి 34 వేసి తొక్కితే కాళ్లు గాల్లో తిరిగినట్టు ఉంటుంది, సైకిల్ కదలదు. "ఈ గేరు ఎందుకూ పనికిరాదు" అనిపిస్తుంది. ఘాట్‌లో మీకు మిగిలే గేరు అదే. దాన్ని చదును మీద తీర్పు చెప్పి తీసేయొద్దు. ఆ గేరులో చైన్ చప్పుడు చేస్తోందా, చక్కగా కూర్చుంటోందా అన్నది మాత్రం చూసుకోండి.

ఈ వారం పని. ఇప్పుడు మీ దగ్గరున్న సైకిల్ పళ్లు లెక్కపెట్టి, అన్నిటికన్నా తేలిక గేరు నిష్పత్తి కట్టండి. 70 చుట్లకు వేగం ఎంతో రాయండి. తర్వాత తెల్లవారుజామున కాలువ గట్టు మీద, గాలి లేనప్పుడు, ఇరవై నిమిషాలు 60 చుట్లతో, ఇంకో ఇరవై నిమిషాలు 80తో, ఒకే వేగంతో తొక్కండి. ఏ తొక్కుడు తర్వాత మోకాళ్లు బరువెక్కాయో, ఏ తొక్కుడు తర్వాత ఊపిరి ఎగిసిపడిందో రెండూ రాసుకోండి. మీ గ్రూపులో ఎవరి దగ్గరైనా 34 పళ్ల క్యాసెట్ ఉంటే, ఈసారి ఘాట్‌కి వెళ్లినప్పుడు ఒక కిలోమీటరు సైకిళ్లు మార్చుకుని ఎక్కండి.

వచ్చే పాఠంలో దిగడం గురించి: బ్రేకులు, టైర్ల వెడల్పు.